తాళాలక్క చెప్పని అంకె

ఆసుపత్రిలో ఆమెని అందరూ తాళాలక్క అనేవాళ్ళు. అలాగని నడుముకి తాళంచెవుల గుత్తేమీ ఉండదు. రోగుల ఫైళ్ళన్నీ కంప్యూటర్లో ఎవరికీ అర్థంకాని రాతగా మారి ఉంటాయి. వాటిని విప్పే రహస్య తాళాలు ఒక ఇనుప పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె బాగోగులు ఆమెవి.

పెట్టెకి పౌరుషం ఎక్కువ. ఎవరైనా మూత విప్పబోతే చాలు, లోపలున్న తాళాలన్నీ తనంతట తానే చెరిపేసుకుంటుంది. మళ్ళీ నింపాలంటే, ఆ తాళాల నకలు చెరిసగం దాచుకున్న రెండు కార్డులు కలవాలి. ఒకటి ఆమెది, రెండోది పెద్ద నర్సుది. ఒక్కో కార్డుకీ ఒక రహస్య అంకె, ఎవరిది వాళ్ళకే తెలుసు.

"ఇంటి తాళం ఎక్కడ పెట్టిందో గుర్తుండదు గానీ, ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ మా వదినకే ఇచ్చారు!" అని ఆడపడుచు ఆటపట్టించేది.

ఒక సెలవురోజు ఆ ఆడపడుచు ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి తాళాలక్క వెళ్ళింది. గిన్నెల మూట విప్పుతుండగా సూపరింటెండెంట్ ఫోన్.

"కొంప మునిగిందమ్మా! ఏసీ నీళ్ళు పెట్టె మీద కారాయని మెకానిక్ మూత విప్పాడు. ఒక్క ఫైలూ తెరుచుకోవట్లేదు. ఇక్కడ ఆపరేషన్ ఆగిపోయింది. మీ సొరుగు పగలగొట్టి కార్డు తీయిస్తాను, అంకె చెప్పండి."

"చెప్పను సార్. వస్తున్నా."

"ఇదేం మంకుపట్టు? నేనెవరో తెలీదా?"

"తెలుసు సార్, గొంతు మీదే. రేపు మీ గొంతుతో ఇంకెవడైనా అడిగితే? ఈలోపు పెద్ద నర్సుని పిలిపించండి. ఆ రోగి రక్తపరీక్షల కాగితాలు ల్యాబులో ఉంటాయి, తెప్పించండి."

ఫోన్ పెట్టేసి, గిన్నెలు అలాగే వదిలేసి లేచింది. ఆడపడుచు అప్పటికే స్కూటర్ తీసింది.

వెళ్ళేసరికి సూపరింటెండెంట్ మొహం కందగడ్డలా ఉంది. ఆమె పలకరించి, పెట్టె తడి ఆరిందో లేదో చూసుకుని, కార్డు పెట్టి, చెయ్యి అడ్డుపెట్టుకుని అంకె నొక్కింది. తరవాత పెద్ద నర్సూ అంతే. పచ్చదీపం వెలిగింది. పక్కగదిలోంచి "తెరుచుకుంది!" అని ఎవరో కేకేశారు. ఆపరేషన్ ఆలస్యంగానైనా సవ్యంగా జరిగింది.

కొన్నాళ్ళు సూపరింటెండెంట్ ముభావంగానే ఉన్నాడు. తరవాత ఒక సమావేశంలో అందరి ముందూ గొంతు సవరించుకుని, "అంకెలు ఎవరికీ చెప్పకండి. నేనడిగినా సరే" అన్నాడు.

"మీరడిగితే అస్సలు చెప్పం సార్" అంది తాళాలక్క. ముందు నవ్వింది ఆయనే.