గెంతే బంతి వెంట ఒక్క మాట

పక్షవాతం వచ్చాక మా ఆయన నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "పోదాం." అన్నం తింటావా అంటే పోదాం. కాలు గుంజుతోందా అంటే పోదాం. దవాఖానలో పేరేమిటని అడిగితే కాస్త ఆలోచించి మరీ పోదాం అన్నాడు. తల కూడా దేనికైనా ఒకే తీరుగా ఊపేవాడు.

బతుకంతా పరకాల రూటులో బస్సు కండక్టరుగా తిరిగిన మనిషి. సెలవు దొరికితే గడప దాటేవాడు కాదు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో నేను ఎక్కడికైనా పోదామంటే, "దినాం తిరుగుడే గద, ఒక్కనాడన్న కూసోనియ్యవా" అని విసుక్కునేవాడు. ఇప్పుడు పొద్దస్తమానం పోదాం, పోదాం. ఎక్కడికి పోతాం? హన్మకొండలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మందుల షాపు, పాల ప్యాకెట్టు, నా ప్రయాణాలు ఆ మాత్రమే. అవీ ఉరుకులు పరుగుల మీద. బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, ఇక హాయిగా నాలుగూళ్లు తిరగొచ్చనుకున్నాను. నాకు ఈ ఇల్లంటే విసుగు పుట్టింది. ఆ మాట రాయడానికి సిగ్గుపడను.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ మాటలో కాదనడం లేదు. నేను పెట్టిన కూర నచ్చిందో లేదో, ఫ్యాను వెయ్యాలో ఆపాలో తెలిసేది కాదు. నోట్లో ముద్ద పెడితే మింగేవాడు, తడిగుడ్డతో తుడిస్తే తుడిపించుకునేవాడు. ఒక మనిషి ఇష్టం తెలియకుండా రోజంతా చాకిరీ చేయడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది. నాకు ఆయన నోటి నుంచి ఇంకొక్క మాట కావాలి. ఒక్కటంటే ఒక్కటే.

దవాఖానలో మాటలు నేర్పే అమ్మాయి ఉపాయం చెప్పింది. "మాట వోయినా పాట ఉంటది ఆంటీ. తలకాయల రెంటి జాగలు వేరు. ముందుగాల పాట పాడియ్యుండ్రి. ఎనక అదే రాగంల మీరు ఏమన్న అడిగి, జవాబు కాడ జర ఆగుండ్రి."

పాత సినిమా పాటలు పెడితే ఏడ్చాడు. భజనలు పెడితే ఇంకా ఏడ్చాడు. మనసుకు తగలని పాటలు చూడండని, అక్షరాల మీద బంతి గెంతుతూ పాడించేవి ఉంటాయని ఆ అమ్మాయే మళ్లీ చెప్పింది. టీవీలో వెతికితే దొరికినవి మా తాతల కాలం నాటి అమెరికా కార్టూన్లు.

వాటి పద్ధతి ఒకటే. ముందు ఒక పటం కనిపిస్తుంది. పెళ్లిలో పెద్దరికం నెత్తిన వేసుకున్న మేనమామ గొంతుతో ఎవరో ఆ దేశం గొప్పలు చెబుతుంటారు. రైలు పోతుంది, ఓడ పోతుంది. ఊరికో జోకు: పాడికి పేరున్న ఊరైతే ఆవు తన పాలు తనే పితుక్కుంటుంది, చలి ఊరైతే మంచం దుప్పటి కప్పుకుని వణుకుతుంది. చివర్లో అందరూ పాడండని హుషారు చేస్తారు, తెర మీద పాట అక్షరాలు పడతాయి, తెల్లని బంతి వచ్చి ఒక్కో ముక్క మీద గెంతుతుంది.

ఇన్నేళ్లకు అవి నిలిచాయా అంటే, నన్నడిగితే సగం చచ్చిపోయాయి. జోకులకు ఈగ కూడా నవ్వదు. నల్లవాళ్లను వెక్కిరిస్తూ గీసిన తీరు చూడలేక మధ్యలోనే ఆపేశాను. ఇంకోదాంట్లో మన దేశం వచ్చింది. పాము, ఏనుగు, ముళ్ల మంచం మీద సాధువు, తలపాగా రాజు, అయిపోయింది. "ఇగో, మీ రూటు వచ్చింది చూడయ్యా, పరకాల యాడుందో?" అన్నాను మంటగా. ఆయన పోదాం అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ రోజుల్లో అది మొదటి నవ్వు.

కానీ చేతితో గీసిన ఆ రైళ్లు మాత్రం ఇప్పటికీ బాగుంటాయి. వంపు తిరిగేటప్పుడు నడుం వంచుతాయి. ఇక ఆ బంతికి వయసే రాలేదు. రాగం సాగినచోట అక్షరం మీద వణుకుతూ నిలబడుతుంది, మనం అందుకున్నాకే దూకుతుంది. నా భర్త విషయంలో అంత ఓపిక నాకు కూడా లేదు.

ఆ బంతిని ఆయన కళ్లతో పట్టుకున్నాడు. మంచిగున్న ఎడమచేత్తో మంచం పట్టీ మీద తాళం వేశాడు. వారం తిరిగేసరికి ఇంగ్లీషు పాట మొత్తం పాడేశాడు, ఒక్క మాటతోనే. పోదాం పోదాం పో-దాం. కింది ఇంటివాళ్లు వింటారేమోనని మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత నేనూ గొంతు కలిపాను. ఆ రాగంలోనే అడిగేదాన్ని: నీళ్లు తాగుతవా, పక్కకు తిరుగుతవా. జవాబు దగ్గర ఆగేదాన్ని. పోదాం అనేవాడు. నా గొంతు బొంగురుపోయింది గానీ రెండో మాట రాలేదు.

అంతలో పరకాలలో మా చెల్లెలి మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ వచ్చింది. "ఒక్క పూట రా అక్కా. ఫికర్ జేయకు, బావ కాడికి మనిషిని నేను తోలిస్త" అంది. వరుసకు తమ్ముడయ్యేవాడు వచ్చి కూర్చుంటానన్నాడు. చీర తీసి ఇస్త్రీ చేయించాను. బస్సులో కిటికీ సీటు దొరికితే చాలు, ఆ గంట ప్రయాణమే నాకు కాశీ అనుకున్నాను.

ముందు రోజు పొద్దున పాట పెట్టి, ఆ రాగంలోనే చెప్పాను. "రేపు చెల్లె ఇంటికి వోతున్న, మాపటికల్లా వస్త, నేను పోవాల్నా?" అని ఆగాను. ఆయన నావైపు చూశాడు. పెదవులు కూడదీసుకున్నాడు.

"వద్దు" అని పాడాడు. రాగం తప్పలేదు.

నేను కేక పెట్టి ఆయన ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఇది కూడా నోటికి అతుక్కున్న మాటేనేమోనని భయం వేసి, మళ్లీ రాగం తీశాను. టీవీ బంద్ చెయ్యాల్నా? "వద్దు." ఇంకో పాట పెట్టాల్నా? "పోదాం." చాయ తాగుతవా? "పోదాం." కాకరకాయ వండాల్నా? "వద్దు!" నవ్వుతున్నాను, కళ్లు కారిపోతున్నాయి. ఆయనకు అర్థమవుతోంది. ఏది కావాలో, ఏది వద్దో చెబుతున్నాడు.

అప్పుడు మళ్లీ అడిగాను, ఈసారి పాట మరిచిపోయి, మామూలుగా. "ఒక్క పూటనే అయ్యా. పోయి వస్తనే."

ఆయన నా మణికట్టు పట్టుకుని, తనే రాగం అందుకున్నాడు. "వద్దు."

ఇన్నాళ్లూ దేవుణ్ని అడిగింది ఈ మాటే. వచ్చింది. నాకు సంతోషం ఎంత వేసిందో కోపం అంత వేసింది, చెయ్యి విడిపించుకోబుద్ధి కాలేదు.

అలాగే కూర్చుని, ఇంకో చేత్తో చెల్లెలికి ఫోన్ చేశాను.

"బావ ఇంకో మాట అన్నడే."

"అయ్యో నా తల్లీ! ఏమన్నడక్కా?"

"వద్దన్నడు."

"ఎంత మంచి ముచ్చట జెప్పినవక్కా!" అని అరిచి ఇల్లంతా చాటింది. అక్కడ రేపటి వంటకు చేరిన ఆడవాళ్లందరూ ఫోను అందుకుని నన్ను మెచ్చుకున్నారు. నీ కష్టం ఊరికే పోలేదని ఒకామె ఏడ్చింది. చివరికి చెల్లెలు మళ్లీ తీసుకుని, "బావను మంచిగ చూస్కో అక్కా" అని పెట్టేసింది.

నేను రావడం లేదని చెప్పడానికే ఫోన్ చేశాను, ఆ మాట చెప్పే అవసరమే పడలేదు. రేపు ఎన్నింటికి వస్తావని ఎవరూ అడగలేదు.