రెండు గ్రాముల కొసరు

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో తక్కువ తూచినవాళ్ల మీద నేను చాలా కేసులు రాశాను. ఎక్కువ తూస్తూ నాకు పట్టుబడిన మనిషి మాత్రం ఒక్కరే, పావగడ బజారులో కిరాణా అంగడి నడిపే నాగభూషణం శెట్టి. పట్టుబడింది అంగట్లో కాదు, ఆయన ఇంటి వంటగదిలో. సరుకు నలభై గ్రాముల పెరుగు. అది చేరవలసింది ఆయన రెండున్నరేళ్ల మనవరాలికి. త్రాసు మీద అంకె సరిగ్గా నలభై దగ్గర నిలిచింది. ఆయన గిన్నె దించాడు. నాతో మాట్లాడుతూనే చెంచా మళ్లీ పెరుగులో ముంచి, కొసకు అంటినంత పెరుగును ఆ గిన్నెలోకి విదిలించాడు. అదేమిటని అడిగాను.

"ఏది సార్?" అన్నాడు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

అప్పుడు నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. ఆఫీసు కర్ణాటకలోని మధుగిరిలో, పావగడ తాలూకా నా పరిధిలోది. తిరుమణి, వల్లూరు వైపు సోలార్ పార్కు పనులు ముమ్మరంగా సాగుతున్న కాలం. కంకర, ఇనుము మోసే లారీలను తూచేందుకు దారి పొడుగునా వేబ్రిడ్జిలు లేచాయి. వాటి తనిఖీకే నన్ను ఎక్కువగా అటు పంపేవారు. ఆ ఏప్రిల్‌లో నా పైఅధికారి, అంటే అసిస్టెంట్ కంట్రోలర్, వేబ్రిడ్జిలతో పాటు పావగడలో వారం రోజులు ముద్రల క్యాంపు కూడా పెట్టమన్నారు.

ముద్రల క్యాంపు అంటే ఊళ్లోని వ్యాపారులందరూ త్రాసులు, తూకం రాళ్లు ఒకచోటికి తెస్తారు. మేము ప్రమాణ బరువులతో వాటిని సరిచూస్తాం. తేడా అనుమతించిన మేరకే ఉంటే సీలు వేసి సర్టిఫికెట్టు ఇస్తాం. లేకపోతే బాగు చేయించి తెమ్మంటాం. దీనికి ఎండ తగలని, గాలి విసరని చోటు కావాలి. గాలికి సన్నత్రాసు ఊగుతుంది. శెట్టి తన అంగడి పక్కన గోదాము ఖాళీ చేసి ఇచ్చాడు. ఆయన త్రాసు ఏనాడూ తప్పలేదని మా పాత రికార్డులే చెప్పాయి.

రెండో రోజు వరుసలో ఉల్లిగడ్డల వ్యాపారికీ బంగారం అంగడి గుమాస్తాకీ మధ్య ఒక అమ్మాయి నిలబడి ఉంది. చంకలో పాప, చేతిలో ఇంటి వంటకు వాడే చిన్న ప్లాస్టిక్ త్రాసు. శెట్టి కోడలు భారతి. ఇంటి త్రాసుకు మా శాఖ ముద్ర వేయదని చెప్పాను.

"ముద్ర వద్దు సార్. ఇది అబద్ధం చెప్తాండాదో లేదో చెప్పండి, చాలు," అంది.

పాప పేరు లాస్య. మూర్ఛలు ఉన్నాయి. కిందపడి కొట్టుకునే రకం కాదు; కూర్చున్నచోటే తల ఒక్కసారి ముందుకు వాలి మళ్లీ లేస్తుంది. రోజుకు పది పన్నెండు సార్లు. రెండు మందులు పనిచేయకపోవడంతో, వాటిలో ఒకటి కొనసాగిస్తూనే బెంగళూరు ఆస్పత్రిలో ఒక పథ్యం పెట్టారు. పిండిపదార్థం బాగా తగ్గించి ఒంటిని దాదాపు కొవ్వు మీదే నడిపిస్తే కొందరు పిల్లల్లో మూర్ఛలు తగ్గుతాయట. అన్నం, రాగిముద్ద, బెల్లం, బిస్కెట్టు ముట్టకూడదు. వెన్న, కొబ్బరినూనె, పన్నీరు పెట్టాలి. పెరుగు, ఆకుకూర, వేరుశనగ పప్పులు, బొప్పాయి ముక్కలు కొద్దికొద్దిగా పెట్టవచ్చు. ప్రతిదీ గ్రాముల్లో తూచాలి. తూచిందంతా తినిపించాలి. పొద్దున పాప మూత్రంలో ఒక కాగితపు పట్టీ ముంచితే అది ముదురు ఊదారంగుకు తిరగాలి. నెల రోజులుగా అది లేత గులాబీ దగ్గరే ఆగిపోతోంది. ఇంకో పన్నెండు రోజుల్లో బెంగళూరు వెళ్లాలి. అప్పటికీ రంగు తిరగకపోతే ఈ పథ్యం ఆపేస్తామని డాక్టరు చెప్పాడు. ఆపితే తర్వాత ఏమిటన్నది ఆయన చెప్పలేదు.

పక్కనే ఉన్న శెట్టి భార్య రత్నమ్మ తన అభిప్రాయం కలిపింది. "వెన్న ముద్దలు ముద్దలు తినొచ్చంట, ఒక మెతుకు తింటే తప్పంట. కిష్టప్పకు తప్ప ఇట్లాంటి పథ్యం ఎవురికప్పా పెట్టింది?"

కృష్ణుడు వెన్న దొంగిలించి మరీ తిన్నాడు; లాస్యకు అది గిట్టదు. వెన్న బుగ్గలో పెట్టుకుని అరగంట దాచేది. పన్నీరు ముక్కలు అంగట్లో కందిపప్పు బస్తా వెనక పడేసేది. ఆ సంగతి మొదట కనిపెట్టింది చీమలు. ఇంట్లో కూర్చోబెడితే నోరు తెరవదు. అంగట్లో తాత గల్లాపెట్టె పక్కన బస్తా మీద కూర్చోబెడితే, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కొంత తినేది.

త్రాసును పది గ్రాముల నుంచి రెండు వందల దాకా ఐదు బరువులతో పరీక్షించాను. తేడా లేదు. అబద్ధం చెప్పడం లేదమ్మా అన్నాను. భారతి ముఖం వాడిపోయింది. త్రాసు నిజం చెప్తోందంటే ఇంట్లో ఎవరో చెప్పడం లేదని అర్థం. అప్పటికే ఆమెకు అత్త మీద అనుమానం. అత్తకు తన కొడుకు మీద అనుమానం. అతను వల్లూరు ప్లాంటులో సోలార్ పలకలు కడిగే మనుషులకు సూపర్‌వైజరు, జేబులో ఎప్పుడూ బిస్కెట్టు పొట్లం ఉంటుంది. ఆ కొడుకుకు పక్కింటివాళ్ల మీద అనుమానం. శెట్టిని ఎవరూ అనుమానించలేదు. నలభై ఏళ్లు త్రాసు పట్టిన చెయ్యి కనుక పాప గిన్నెలు తూచే పని ఇంటిల్లిపాదీ కలిసి ఆయనకే అప్పగించారు. అంగడి వెనకే వంటగది; పాప కూర్చునే బస్తా మీద నుంచి ఆయన తూచడం కనిపిస్తుంది.

ఉద్యోగంలో చేరకముందు రెండేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. చెప్పింది వేరు, చూసింది వేరు, రెంటినీ ఒకే వాక్యంలో పెట్టవద్దని అక్కడ నేర్పారు. మా శాఖలో దానికి సరిపోయే పద్ధతి పరీక్ష కొనుగోలు. ముందుగా చెప్పకుండా మామూలు గిరాకీలా సరుకు కొనిపించి, పొట్లం విప్పకముందే మళ్లీ తూస్తాం. మరునాడు మధ్యాహ్నం పాపకు పట్టుకుపోయే గిన్నెలను ముందు నా దగ్గరికి తెమ్మని భారతికి చెప్పాను. బంగారం అంగళ్ల కోసం తెచ్చిన సన్నత్రాసు ఎలాగూ గోదాములో ఉంది.

ఐదు గిన్నెలు వచ్చాయి. ముప్పై ఉండాల్సిన పన్నీరు ముప్పై మూడు. నలభై ఉండాల్సిన పెరుగు నలభై రెండున్నర. పది ఉండాల్సిన వేరుశనగ పన్నెండు. మిగతా రెండూ అంతే. త్రాసు చెడితే బరువు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది, లేదా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. సరిగ్గా ఉందని నేనే తేల్చిన త్రాసు మీద, బరువుతో సంబంధం లేకుండా ప్రతిసారీ రెండు మూడు గ్రాములు ఎక్కువే వస్తే ఆ తేడా యంత్రానిది కాదు, మనిషి చేతిది. సాయంత్రం తూకం చూస్తానని శెట్టి వంటగదికి వెళ్లాను. అక్కడ నేను చూసింది మొదట్లో చెప్పాను.

ఎక్కువ వేశారని చెబితే ఆయన నమ్మలేదు. మళ్లీ తూచి చూపించాను. గిన్నె వైపు, తన చేతి వైపు కాసేపు చూసి, తేలిగ్గా నవ్వాడు.

"అది కొసరు గదా సార్. తూకం తూకమే, కొసరు కొసరే. కొసరు ఎవురైనా లెక్కలోకి తీసుకుంటారా? కొసరెయ్యకుండా సరుకు చేతికిచ్చేది మా నాయన నాకు నేర్పలే."

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పథ్యం చార్టు వెనక భారతి లెక్క వేసింది. పూటకు ఐదు గిన్నెలు, రోజుకు నాలుగు పూటలు, ప్రతి గిన్నెకూ రెండున్నర. యాభై గ్రాములు. పెరుగులో, పప్పుల్లో, బొప్పాయిలో పిండిపదార్థం ఉంటుంది కనుక పాప ఒంటికి ఆ యాభై చాలా ఎక్కువ. మామ మీద కోడలు గొంతు ఎత్తలేదు. "నెల దినాలుగా అత్తమ్మను అనుమానిస్తాంటి మామా," అని మాత్రం అంది. రత్నమ్మ గుమ్మంలోనే ఉంది. "మన సెట్టి దానకర్ణుడు గదమ్మా. ఊరికంతా పంచగా మిగిలింది మనుమరాలికి పెట్టినాడు," అంది.

నా మటుకు కేసు ముగిసిందనుకున్నాను. ఆ పూట ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మరీ గిన్నెలు దించాడు. తూకం సరిపోయింది. పాప బస్తా మీద కూర్చుని గిన్నె చూసింది, తాత చెయ్యి చూసింది. అరచెయ్యి చాచి, "కొసలు," అంది.

లేదన్నారు. నోరు మూసుకుంది. నిద్రపోయేదాకా తెరవలేదు. మరునాడు పొద్దున కూడా అంతే. అప్పుడు నాకు అర్థమైంది. ఆ పాప పొద్దస్తమానం ఆ బస్తా మీద కూర్చుని చూసేది ఒకటే దృశ్యం: పావు కిలో బెల్లం కొన్నవాడైనా చివర్లో వేసే చిటికెడు అందుకోకుండా మెట్లు దిగడు. ఆమె దృష్టిలో కొసరు పడనిదే బేరం తెగినట్టు కాదు. ఇన్నాళ్లూ అంతో ఇంతో తిన్నది కొసరు పడిందనే. మేము ఎక్కువ తూకం ఆపబోయి తిండే ఆపేశాం.

భారతి ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఈ పథ్యంలో ఉన్న పాపను పస్తు పెట్టడం మంచిది కాదని డాక్టరు హెచ్చరించాడు. పాప వాడుతున్న మందు మోతాదు కొంచెం పెంచమని, రాత్రి కూడా తినకపోతే బయలుదేరి రమ్మని చెప్పాడు.

ఒక ఉపాయం నాకు తోచింది. నలభై బదులు ముప్పై ఎనిమిదికే గిన్నె దించి, పైన రెండు గ్రాములు కొసరుగా వేస్తే సరిపోతుంది. శెట్టి ముఖం గంటు పెట్టుకున్నాడు.

"సార్, నలభై రాసిన చోట ముప్పై ఎనిమిదికి దించితే మీ ఆఫీసులో దాన్నేమంటారు?"

తక్కువ తూకం అంటామని చెప్పాను.

"దానికి మీరేం చేస్తారు?"

కేసు రాస్తామన్నాను.

"మరి నన్ను అదే చెయ్యమంటాండారే. నలభై ఏండ్లలో చెయ్యని పని, ఇనిస్పెట్రు ఎదురుగ్గా, నా మనుమరాలికి చెయ్యల్లనా?"

తక్కువ తూచినందుకు జీవితమంతా జనాన్ని కోర్టుకు ఎక్కించిన నేను తక్కువ తూచమని ఒక నిజాయితీపరుణ్ణి బతిమాలుతున్నాను. చట్టం చూసేది గిరాకీ చేతికి చేరిన నికర బరువునే అని వివరించాను. అయితే గిన్నె త్రాసు మీద ఉండగానే కొసరు వేసి నలభైకి నిలపండి అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "త్రాసు మీద ఏసేది కొసరెట్లయితాది సార్? త్రాసు దిగినాకనే కొసరు. అది పాపకు గూడా తెలుసు," అన్నాడు. మాట నిజమే.

ముడి విప్పింది భారతి. కొసరును కూడా విడిగా తూచి, చిన్న మూతలో రెండు గ్రాములు ముందే సిద్ధంగా ఉంచుకుందాం అంది. గిన్నెలో ముప్పై ఎనిమిది, మూతలో రెండు. రెండూ వేర్వేరు తూకాలు. దేనికదే పూర్తి తూకం. రాసిస్తే చేస్తానన్నాడు శెట్టి. ముద్ర కూడా కావాలన్నాడు. ఆఫీసు ముద్ర వేయడం కుదరదని చెప్పి, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను: ఈ ఇంటి వంటగదిలో, ఈ పాప గిన్నెల విషయంలో మాత్రమే, కొసరును తూకంలో భాగంగా పరిగణించడం తప్పు కాదు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, అంగట్లో మా సర్టిఫికెట్టు పక్కన అతికించబోయాడు. ఆ కాగితం మా అసిస్టెంట్ కంట్రోలర్ కంటపడితే నా పరిస్థితి ఏమిటో వివరించాక, వంటగదిలో చార్టు కింద అతికించాడు.

ఆ మధ్యాహ్నం లాస్య గిన్నె చూసింది. తాత మూతలోది తీసి పైన వేశాడు. అది పడేదాకా కళ్లార్పకుండా చూసి నోరు తెరిచింది. వెన్న మాత్రం ఎప్పటిలాగే బుగ్గలో దాచింది.

క్యాంపు చివరి రోజున భారతి పట్టీ తెచ్చి నాకు చూపించింది. ఊదారంగు, ముదురుగానే ఉంది. తల వాలడం రోజుకు మూడు నాలుగు సార్లకు తగ్గిందని చెప్పింది. బెంగళూరు డాక్టరు పథ్యం ఆపలేదు. రెండేళ్లకు పైగా నడిపించాడని తర్వాత విన్నాను.

త్రాసును పరీక్షించడం, తూకాన్ని పరీక్షించడం ఒకటి కాదని నేను ఆ వారం నేర్చుకున్నాను. అంతవరకు సర్టిఫికెట్టు రాసిచ్చి లేచివచ్చేవాణ్ణి. తర్వాత రిటైరయ్యేదాకా, ముద్ర వేసిన ప్రతి అంగట్లో ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చిపోయేవరకు కూర్చుని, గిన్నె దిగిన తర్వాత చెయ్యి ఏం చేస్తుందో చూసేవాణ్ణి. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు అదే చెప్పేవాణ్ణి.

లాస్య ఇప్పుడు బడికి పోతోంది, రాగిముద్ద తింటోంది. తల వాలడం ఆగిపోయి చాలాకాలమైంది. అది కొసరు తూకంలో చేరినందువల్ల ఆగిందా, అదే వారం మందు పెంచినందువల్ల ఆగిందా అని భారతి డాక్టరును అడిగింది. రెండూ ఒకేసారి మారాయి కనుక విడదీసి చెప్పలేనని ఆయన అన్నాడు.