తెల్లోడి కొమ్ము, రెండు చీటీలు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి చీర మార్చుకుంటూ ఉండగా హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. పద్నాలుగేళ్ళుగా వాళ్ళింట్లో పెరిగిన కుక్కకు పొట్టలో గడ్డ ఉన్నదట, కోసి తీస్తే ఇంకొన్నాళ్ళు బతకవచ్చునట, ముసలిది గనుక మత్తు నుంచి లేవకపోనూ వచ్చునట. డాక్టరు ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేస్తారో లేదో చెప్పమన్నాడట. "అమ్మమ్మా, నువ్వు ప్రార్థన చేసి చెప్పు, నువ్వేం చెబితే అదే చేస్తాను" అన్నది. సరేనన్నాను గాని, మోకరించడానికి కూడా లేవకుండా మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఇలాంటి ప్రశ్నే నా చిన్న వయసులో ఒకసారి నా ముందుకు వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా బాపు, అంటే మా నాన్న, ఎడపల్లి దగ్గర ఒక చిన్న సంఘానికి ఉపదేశి. అటు వర్ని దాకా కాలువ గట్ల వెంట ఉన్న పల్లెలకు ఒంటెద్దు బండి కట్టుకుని వాక్యం చెప్పడానికి పోయేవాడు. ఆ ఎద్దును అందరం తెల్లోడు అనే పిలిచేవాళ్ళం. బాపు లోపల ప్రసంగం చేస్తున్నంతసేపు వాడు మందిరం తలుపు ఎదుట పడుకుని నెమరు వేసేవాడు, ఆఖరి పాట ఎత్తుకోగానే, ఇక ఇంటికి పోవడమే అని తెలిసినవాడిలా లేచి నిలబడేవాడు. ప్రసంగం మరీ సాగిన రోజున పాటకు ముందే లేచి మెడగంట ఆడించేవాడు. ఆ చప్పుడుకు జనం ముసిముసిగా నవ్వుకుంటుంటే, బాపు కూడా నవ్వి పుస్తకం మూసేవాడు. వాడికి వయసు మళ్ళినాక బండి అమ్మేశాం గాని వాడిని అమ్మలేదు. పని లేకపోయినా ఆదివారం పొద్దున్నే మా వెనకే నడిచి వచ్చి అదే చోట పడుకునేవాడు.

మా ప్రాంతపు సంఘాలన్నిటిలో ఉండేదో లేదో తెలియదు గాని, మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. పెళ్ళి గాని, ఊరు వదలడం గాని, తేల్చుకోలేని సంగతి ఏది వచ్చినా ఆ ఇంటివాళ్ళు రెండు చీటీలు రాసి, మడిచి, కానుకల పళ్ళెంలో పెట్టేవారు. అందరూ ప్రార్థన చేశాక సంఘంలోకెల్లా పెద్దదైన అవ్వ ఒక చీటి తీసేది. ఆమె బాపుకు మేనత్త. చూపు లేదు, అక్షరం రాదు, అందుకే ఆమె చేతిని అందరూ నమ్మేవారు. తీసిన చీటిలో ఉన్నదే దేవుని మాట. రెండోదాన్ని రాసినవాళ్ళే తీసుకుపోయి, విప్పకుండా పొయ్యిలో వేయాలి.

బాపుకు కడుపులో నొప్పి ముదిరి పట్నం ఆసుపత్రిలో కోత పెట్టాలన్నప్పుడు కూడా చీటీలు వేశాం. 'చేయించాలి' అని వచ్చింది. పాటలు పాడి బస్సు ఎక్కించి పంపాం. బాపుకు మళ్ళీ తెలివి రాలేదు. ఎవరి తప్పూ లేదు. మట్టి వేసిన మర్నాడే నేను పంతులమ్మగా ఉన్న బడికి పోయి మూడో తరగతి పిల్లలకు ఎక్కం చెప్పాను. నాకు ఏడుపు రాలేదు, తర్వాత కూడా రాలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది గనుక ఇంట్లో నేనూ తెల్లోడూ మిగిలాం.

మీలో ఆ రోజులు ఎరిగినవాళ్ళకు చెరకు కాలం గుర్తుండే ఉంటుంది. బోధన్ దారి పొడుగునా చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు బారులు తీరేవి, గాలి నిండా బెల్లపు వాసన ఉండేది. అలాంటి రోజుల్లోనే తెల్లోడు తల ఒక పక్కకు వంచి గోడకు కొమ్ము రాయడం మొదలుపెట్టాడు, ఆ వైపు ముక్కులోంచి రక్తపు చుక్కలు పడ్డాయి. బోధన్ పశువుల దవాఖానకు నడిపించుకుపోతే డాక్టరు కొమ్ము మొదలు నొక్కి చూసి, లోపల పుండు పుట్టింది, కొమ్ము మొదటికంటా కోసి తీయాలి అన్నాడు.

"ముసల్దైతేంది, గుండె గట్టిగున్నది. ఇప్పుడు తీస్తె ఇంక రెండు మూడేండ్లు నిమ్మళంగ బతుకుతది. తియ్యకుంటె పురుగులు పడ్తయి. జల్ది చెప్పమ్మా, నాన్చకు" అన్నాడు.

నేను చెప్పలేక ఆ ఆదివారం సంఘం ముందు పెట్టాను. సంఘ పెద్దకు నవ్వు వచ్చింది.

"ఉపదేశి బిడ్డవై ఉండి ఎద్దుకు చీటీలు వెయ్యమంటున్నవా? రేపు కోడిపుంజుకు సుత వెయ్యమంటరు."

అవ్వ కూర్చున్న చోటి నుంచే అందుకుంది. "నీకు పన్ను నొస్తె వారం దినాలు ప్రార్థన పెట్టిస్తివి గద అన్నా. గా పన్నేమన్న బాప్తిస్మం తీసుకున్నదా?"

అందరూ నవ్వారు. పెద్ద కూడా నవ్వి, రాయమని పెన్సిలు ఇచ్చాడు.

గోడ వైపు తిరిగి రాశాను. మొదటి చీటి మీద 'వద్దు' అని రాశాను. రెండోదాని మీద 'చేయించాలి' అని రాయాలి. ఆ మాట పోయినసారి బాపు కోసం నా చేత్తోనే రాశాను. పెన్సిలు అక్కడే ఆగింది, ఆ తర్వాత మళ్ళీ 'వద్దు' అనే రాసింది. భయం వేసిందని గాని, దేవుణ్ణి మోసం చేస్తున్నానని గాని ఆ క్షణంలో అనిపించలేదు. ఎవరిదో చేయి రాస్తుంటే చూస్తున్నట్టుగా ఉంది. అవ్వ ఒకటి తీసింది, పెద్ద చదివాడు, అందరూ ఆమెన్ అన్నారు. ఆఖరి పాట ఎత్తుకోగానే తలుపు బయట తెల్లోడు తల వంచుకునే లేచి నిలబడ్డాడు.

రెండో చీటి పిడికిట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పొయ్యి ఆరిపోయి ఉంది. వాడికి చెరకు ఆకు వేస్తుంటే చెమటకు అరచేతికి అంటుకున్న చీటి కూడా ఆకుతో పాటు జారిపడింది. చూస్తూనే ఉన్నాను, తీయలేదు. వాడు దాన్ని కూడా కలిపి నమిలి మింగి, నా చేయి నాకాడు.

ఆ తర్వాత రోజూ వేపనూనె రాశాను, పురుగులు ఏరాను. నోరు విప్పితే, దేవుని మాట అనుకుని అందరూ ఆమెన్ అన్నది నా అబద్ధానికని తెలుస్తుంది. విప్పకపోతే వాడి కొమ్ము కుళ్ళుతుంది. రెండూ తెలిసి కూడా ఏ రోజుకారోజు బడికి పోయి వచ్చాను. ఒక సాయంత్రం అవ్వ తడుముకుంటూ వచ్చి వాడి నుదురు నిమిరి, వేళ్ళు వాసన చూసుకున్నది.

"బిడ్డా, దేవుడు వద్దన్నడా, నువ్వు వద్దన్నవా?"

నేను వేపనూనె సీసాకు మూత బిగించాను.

"చెప్పకు. పొద్దుగాల తోలుకపో. ఎవ్వలన్న అడిగితె అవ్వనే పొమ్మన్నదని చెప్పు."

మర్నాడు పొద్దున్నే తోలుకుపోయాను. బోధన్ దాకా నాలుగు చోట్ల ఆగాడు. డాక్టరు చూసి, "అప్పుడే వస్తె బతుకుతుండె గదమ్మా" అన్నాడు. పుండు తలలోకి పోయింది. చెరకు బండ్లు ఇంకా నడుస్తుండగానే తెల్లోడు పోయాడు. దేవుడు ముందే వద్దన్నాడు గదా, ఆయనకు తెలుసు అని సంఘమంతా నన్ను ఓదార్చింది. నేను తల ఊపాను.

ఆ పాపం దేవుని దగ్గర ఎన్నోసార్లు ఒప్పుకున్నాను, క్షమించాడనే నమ్ముతున్నాను. సంఘం ముందు మాత్రం ఒప్పుకోలేదు. అవ్వ పోయింది, ఆ పెద్దా పోయాడు, ఇప్పుడు ఒప్పుకుందామన్నా వినవలసినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే మనవరాలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నీకోసం ప్రార్థన చేస్తాను గాని జవాబు మాత్రం నన్ను అడగకు, దాని పక్కన కూర్చుని చూసి నువ్వే తేల్చుకో, ఏది చేసినా నేనే చేశానని చెప్పుకో అన్నాను. ఆ పిల్ల సంతకం చేసిందట. రేపు పొద్దున ఆపరేషను.

మా మందిరం ఇప్పుడు పెద్ద కట్టడం, మైకులు, ఫ్యాన్లు ఉన్నాయి. చీటీలు వేసే పద్ధతి ఉండేదని చెబితే కుర్రవాళ్ళు నమ్మరు. బోధన్ దారిలో చెరకు బండ్లు లేవు, బెల్లపు వాసనా లేదు. ఆఖరి పాట ఎత్తుకోగానే నా కళ్ళు మాత్రం తలుపు వైపే పోతాయి. బయట మోటారు సైకిళ్ళు వరుసగా నిలబెట్టి ఉంటాయి. పాట ముగిసేదాకా అక్కడ ఏదీ కదలదు.