మూడోసారి వేసిన లైటు

దెయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే లేచి బయటికి వెళ్ళిపోయే రకం నేను. కుప్పంలో గంగమ్మ జాతరకు ఏటా పోతాను గానీ, పూనకం వచ్చినవాళ్ళను చూసి లోపల నవ్వుకునేవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు కూడా. ఒక స్విచ్చి ఉంది, నలభై బల్బులున్నాయి, నేనాడిన ఒక అబద్ధం ఉంది.

మాది కుప్పం దగ్గర చిన్న పల్లె. ఇంటికి ఆనుకుని అరెకరా చామంతి తోట. రాత్రి పొడుగ్గా ఉంటే చామంతి తొందరపడి మొగ్గ వేస్తుంది. మొక్క ఎదగదు, పూలు చిన్నవైపోతాయి. అందుకని మా వైపు రైతులు నాటిన కొత్తలో తోటంతా తీగలు లాగి, రాత్రి కొన్ని గంటలు బల్బులు వెలిగిస్తారు. ఇంకా పగలే అనుకుని మొక్క ఎదుగుతూ పోతుంది. చెప్పాలంటే దాన్ని నిద్రపోనీయకుండా మోసం చేయడమే.

అందరూ పసుపు వెలుగు బల్బులు కడతారు. నేను తెల్లవి కట్టాను. వెలుగు ఎంత తీక్షణంగా ఉంటే మొక్క అంత ఎదుగుతుందని నా తెలివి. బల్బులు అమ్మిన బాషా అప్పటికీ చెప్పాడు.

"పసుపువే తీసుకోప్పా. ఇవి కట్టినావంటే తోటలో పెండ్లి జరగతాండాదని జనం అక్షింతలు ఎత్తుకోని వస్తారు."

నవ్వి తెల్లవే తెచ్చుకున్నాను.

రాత్రి పదికి స్విచ్చి వేసి, రెండుకు ఆపేవాణ్ణి. అందాకా మంచంలో పడుకుని ఫోను చూస్తూ ఉండేవాణ్ణి. కిటికీలోంచి తోట వెలుగు, పక్కన నా ఫోను వెలుగు. ఆ రెంటి మధ్య నా భార్య భారతి పడుకునేది. అప్పుడామెకు ఏడో నెల.

"కండ్లు మూసుకున్నా వెలుగు లోపలికి వస్తాండాది మామా" అనేది.

"కండ్లు మూసుకుంటే వెలుగు యాడిది?" అని కసిరాను. అడ్డంగా ఒక దుప్పటి కట్టి, నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె కళ్ళ కింద నలుపు రోజూ చూస్తూనే ఉన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలేలే అని సర్దిచెప్పుకున్నాను.

అత్తగారి ఊరు పుంగనూరు కావడంతో దానికి దగ్గరలోని మదనపల్లెలో చూపించేవాళ్ళం. డాక్టరమ్మ బీపీ చూసి నిద్ర సంగతి అడిగింది. భారతి తోట గురించి చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి చెప్పింది. ఫోను వెలుగులోనూ ఇలాంటి తెల్ల బల్బుల వెలుగులోనూ నీలం పాలు ఎక్కువ. రాత్రిపూట అది కంటికి తగిలితే ఒళ్ళు ఇంకా పగలే అనుకుంటుంది, నిద్ర తెప్పించే హార్మోను సరిగా ఊరదు. "బీపీ పెరిగితే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. చీకట్లో నిద్రపోనివ్వండి" అంది. బుద్ధిమంతుడిలా తలూపాను.

భారతిని కాన్పుకు ముందుగానే పుంగనూరులో దిగబెట్టాం. వచ్చేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నేను ఆడ ఇంట్లో లేను గదా అని ఇంకా ఏస్తావేమో. తీసెయ్ మామా. ఆ చెట్లు గూడా పాపం, నిద్రలేక నా మాదిరే అయిపోతాండాయి."

తీసేస్తానని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆ రాత్రి పదికి లైట్లు వేశాను. మరుసటి రోజు ఫోనులో అడిగితే "తీసేసినా" అన్నాను.

నాలుగో రోజు పొద్దున అత్త ఫోన్ చేసింది.

"ఏమప్పా, బిడ్డ అసలు నిద్రపోవడంలే. పది కొట్టేసరికి లేసి కూసుంటాది. రెండింటికి ఎవురో జోకొట్టినట్ల పడుకుంటాది. రూములో చుక్క వెలుగు లేదు. ఆర్పండి, ఆర్పండి అంటాది."

వారాల తరబడి అలవాటైపోయింది గదా, అదే ఉంటుందిలే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. డాక్టరమ్మ చెప్పిందని భారతి ఫోను అత్త ఆపేసి బీరువాలో పెట్టింది. నేను లైట్లు వేస్తున్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. మధ్యలో పలమనేరు దాటుకుని డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరం.

అలవాటే అని నాకు నేను రుజువు చేసుకోవాలనిపించింది. తప్పు అక్కడ మొదలైంది. ఆమె లేచే టైము రోజూ క్యాలెండరు మీద రాసిపెట్టమని అత్తకు చెప్పాను. డాక్టరమ్మకు చూపించాలన్నాను. అదీ అబద్ధమే.

ఆ రాత్రి పదికి వేయలేదు. పదకొండు ఇరవైకి వేశాను. పన్నెండుంపావుకు మా పల్లెలో కరెంటు పోయింది, తెల్లారేదాకా రాలేదు. అది నా చేతిలో లేని పని.

పొద్దున అత్త క్యాలెండరు చూసి చదివింది. పదకొండు ఇరవైకి లేచింది. పన్నెండుంపావుకు నిద్రపోయింది. మీకూ కరెంటు పోయిందా అని అడిగాను. లేదంది, రాత్రంతా ఫ్యాను తిరుగుతూనే ఉందంది.

తర్వాతి రాత్రి అసలు వేయలేదు. భారతి తెల్లారేదాకా ఒకే నిద్ర. "మొగం కడిగిన ముత్యం మాదిరి ఉండాదప్పా" అని అత్త మురిసిపోయింది.

మనిషన్నవాడు అక్కడ ఆగిపోవాలి. నేను ఆగలేదు. రెండూ కాకతాళీయమేమో, ఇంకొక్కసారి చూద్దాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదొక్కటే కాదు. ఇంకో పది రోజులు వెలుగు లేకపోతే తోట మొగ్గకు వచ్చేస్తుందన్న చింత కూడా ఉంది. మూడో రాత్రి వరండాలో స్విచ్చి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదీ పదికి వేశాను, ఐదు నిమిషాలకు ఆపాను. పదకొండుకు మళ్ళీ వేసి ఆపాను. పన్నెండున్నరకు మూడోసారి వేశాను. వేసి, తోట వైపు చూశాను. గాలి లేదు. ఆకు కూడా కదలడంలేదు.

పది నిమిషాలకు ఫోను మోగింది. అత్త.

"బిడ్డకు తల పగిలిపోతాండాదంట, కండ్లు మసకలు కమ్మినాయంట. ఆటో పిలిపించినా, మదనపల్లెకు ఎత్తుకపోతాండాము. మూడుసార్లు ఉలిక్కిపడి లేసిందప్పా, మూడుసార్లు..."

స్విచ్చి ఆపి బండి తీశాను. ఆ దారి ఎట్లా దాటానో గుర్తులేదు.

తెల్లవారేలోపు ఆపరేషను చేశారు. భారతి బతికింది. ఆడపిల్ల. నెలలు నిండని బిడ్డ, పిడికెడంత ఉంది. రెండో రోజుకు కామెర్లు వచ్చాయని బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు. అద్దంలోంచి చూస్తే కళ్ళకు చిన్న గంతలు, పైన నీలం వెలుగు. ఆ లైటు తీసేయండి అని నర్సమ్మను బతిమాలాను.

"ఇది మంచి లైటేనప్పా. దీంతోనే నీ బిడ్డ బాగయ్యేది. నువ్వు పోయి కూసో" అందామె.

మూడో రోజు భారతి దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. లైట్లు తీయలేదని, టైము మార్చి మార్చి చూశానని. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఒకసారి ఏసినావు, సరే. రెండోసారికి నీకు తెలిసిపోయింది గదా మామా. మూడోసారి ఎందుకు ఏసినావు?"



ఊరికి రాగానే తోటలో తీగలు పీకేశాను. ఆ పంట ముందే మొగ్గకు వచ్చింది. పూలు గుండీలంత పూశాయి.

తర్వాత చదువుకున్నవాళ్ళను ఒకరిద్దరిని ఈ సంగతి అడిగాను. తల్లి మనసు, భయం, అలవాటు అని ఏవేవో చెప్పారు. పదకొండు ఇరవై సంగతి, కరెంటు పోయిన సంగతి చెబితే మాట మార్చారు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. బిడ్డకు ఐదో నెల. తల్లీబిడ్డా ఇంకా పుంగనూరులోనే ఉన్నారు. ఆ బల్బులు ఊరికే పడున్నాయి, ఎవరికైనా అమ్మేద్దామనిపించింది. ఒక సాయంత్రం, ఏడు దాటింది, వెలుగుతున్నాయో లేదో చూద్దామని ఒకే ఒక్క బల్బు వరండాలో హోల్డరుకు పెట్టి స్విచ్చి వేశాను. ఒట్టు, వేరే ఉద్దేశం ఏమీ లేదు.

నిమిషం కాలేదు, భారతి ఫోను.

"నేను బాగానే ఉండాను మామా. పాప లేసింది. పాలు తాగి నిద్రపోతా ఉన్న బిడ్డ, ఉలిక్కిపడి లేసి కుప్పం దిక్కు గోడనే సూస్తా ఏడస్తాండాది. నువ్వేం చేస్తాండావు?"

బల్బు ఆపేశాను. ఫోనులో ఏడుపు ఆగిపోయింది.

ఇది ఎట్లా జరుగుతుందో నాకు తెలియదు. ఆ నలభై బల్బులూ అటక మీద అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఎవరికీ అమ్మలేదు. కొన్నవాళ్ళు ఏ రాత్రో వాటిని వెలిగిస్తే, ఎక్కడ ఎవరు ఉలిక్కిపడి లేస్తారో నేను చెప్పలేను.