యాభై శాతం గుండె

ఈ రోజు పొద్దున్న మా పక్కింటి టైలరు మస్తాన్ గారిని ఏలూరులో ఎకో పరీక్షకి తీసుకెళ్ళాను. నెల క్రితం ఆయనకి గుండెపోటు వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ ధైర్యం నిలవలేదు. అప్పట్నుంచీ మంచం దిగడానికే భయపడుతున్నారు.

డాక్టరమ్మ ఆయన్ని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద జెల్ రాసి, తెర మీద గుండెని చూపించింది. పోటు వల్ల ఒక పక్క కండ కాస్త నెమ్మదిగా కదులుతోందట.

"పంపింగ్ యాభై శాతం ఉందండీ" అంది.

మస్తాన్ గారి మొహం పాలిపోయింది. "అంటే సగం గుండె పోయినట్టేనాండీ?"

"అయ్యో, కాదండీ! ఏ గుండే తనలో ఉన్న రక్తాన్నంతా ఒక్కసారే బయటికి నెట్టదు. బాగున్న గుండె కూడా అరవై చిల్లర నెడుతుందంతే. మీకు తగ్గింది కొంచెమే. మందులు మానకుండా రోజూ కాసేపు నడవండి."

"ఈ మాట మా ఆవిడక్కూడా చెప్పండి" అంటూ ఆయన బయట కూర్చున్న నూర్జహాన్ గారిని లోపలికి పిలిపించారు. ఆవిడ మొత్తం విని డాక్టరమ్మ చేతులు పట్టుకున్నారు.

బయటికొచ్చాక నేను ఆటో పిలవబోతే మస్తాన్ గారు ఒప్పుకోలేదు. సెంటర్ దాకా నడుద్దామన్నారు. నాలుగడుగులు వేశారో లేదో, వెనకనుంచి నూర్జహాన్ గారి కేక: "ఏవండీ, కాస్త నెమ్మదండీ, నేను అందుకోలేకపోతున్నాను!"

నిజం చెప్పొద్దూ, లెక్కల మాస్టారినై ఉండి కూడా యాభై శాతం అనగానే నేనూ హడలిపోయాను. రిపోర్టులో అంకె చూసి ఊరికే గుండె జారినవాళ్ళు మీలో ఎంతమంది?