బండిని కాల్చింది మా మామ వైరు కాదు

మా వైరింగ్ మామ బుధవారం పొద్దున చనిపోయాడు. దుకాణం షట్టరు సగం ఎత్తి అక్కడే కూలబడ్డాడు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. కానీ ఆయన చేతిపనిని ఎనిమిది నెలల కిందటే చంపేశారు. తన కారు కాలిపోతే ఏమీ విచారించకుండా నడిబజారులో ఆయన మీద నింద వేసిన కాంట్రాక్టరు ఒకడు. ఆ మాట నమ్మి బండ్లు వేరే ఊరికి తోలుకుపోయిన మనమంతా ఇంకొకరు.

మార్కాపురం బస్టాండు వెనక ఆయన దుకాణం. కార్ల డ్యాష్‌బోర్డులో పాటల సెట్లు బిగించేవాడు. నాకు చుట్టం కాదు. ఊరంతా మామా అంటే నేనూ అన్నాను. రాష్ట్రం రెండైన కొత్తలో, ఇక్కడ నుంచైనా న్యాయం సరిగ్గా మొదలవుతుందని నమ్మి, సంచి నిండా కరపత్రాలు వేసుకుని తిరిగేవాణ్ణి. మధ్యాహ్నం పూట ఆయన దుకాణంలో కూర్చుని గట్టిగా చదివేవాణ్ణి. ఆయన డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి వినేవాడు.

"అంతా బాగానే ఉందిరా. ఆ కాయితంలో ఎర్ర వైరు యాడికి పోవాల్నో రాసినారా?"

"ఇది శ్రమ గురించి మామా."

"అట్లనా? అయితే శ్రమజీవీ, ఆ స్క్రూడ్రైవర్ అందుకో."

ఆయన పని తీరు వేరు. ముందు బ్యాటరీ తీగ విప్పేవాడు. డ్యాష్‌బోర్డు పైమూతను ఇనుముతో పెకలించేవాడు కాదు. అత్త వంటింట్లోని చెక్క గరిటెను అంచు పల్చగా చెక్కి తెచ్చుకున్నాడు. దాన్ని సందులో పెట్టి, చెవి ఆనించి, క్లిప్పు ఊడిన చప్పుడు వినపడ్డాకనే ఇంకో పక్కకు జరిగేవాడు. కంపెనీ వైరు ఒక్కటీ కోసేవాడు కాదు. బ్యాటరీ నుంచి వచ్చే లైనులో, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టేవాడు. "పాట ఆగిపోతే తిట్టుకుంటారు. మంట లేస్తే తిట్టేదానికి మనిషి ఉండడు" అనేవాడు.

చివరగా, బడిపిల్లల పలకలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన పగిలిన ముక్క ఒకటి తీసుకుని, దాని మీద మేకుతో గీసేవాడు. బండి నంబరు, ఏ రంగు తీగ ఎక్కడికి పోయింది, ఫ్యూజు ఎక్కడుంది. బండికొక పలక ముక్క. బలపంతో రాస్తే చెరిగిపోతుందని మేకు. అవన్నీ గోడవార పేర్చి ఉండేవి. "ఏంది మామా, ఈ వయసులో అఆలు దిద్దుతాండావా?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు.

మామ సెట్టు బిగించిన కాంట్రాక్టరు కారు తర్లుపాడు రోడ్డులో కాలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మామ వెంట నేనూ పోయాను. ఆయన బానెట్ కింద చెయ్యి పెట్టి, మాడిపోయిన లావు తీగ ఒకటి పైకి లాగాడు. పక్కనే ఆ కారు డ్రైవరు నిలబడి ఉన్నాడు. మామ అతని మొహం చూశాడు. తీగ వదిలేసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వచ్చేశాడు. మరుసటి రోజు కాంట్రాక్టరు దుకాణం ముందు నిలబడి బూతులు తిడితే తల వంచుకుని విన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పలక తీసి చూపించు మామా! ఆ లావు తీగ నీది కాదు గదా!"

"చూపిస్తే?"

"నిజం తెలుస్తాది."

"తెలిసినాక ఎవురి మీద పడతారు?"

నేను గోడవార పలకల వైపు చెయ్యి చాచాను. మామ అడ్డం వచ్చాడు.

"బండి ఎట్లాగూ కాలిపాయె. ఇంకొకరి పొయ్యి గూడా ఆరిపోవాల్నా?"

"నువ్వు పిరికోడివి మామా" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "స్క్రూడ్రైవర్ అందుకో" అన్నాడు. నేను అందివ్వలేదు. సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. ఆ ఎనిమిది నెలలూ ఆయన ఫ్యాన్లు, టార్చిలైట్లు బాగుచేసుకుంటూ గడిపాడని నాకు తెలుసు. ఆ వీధిలో నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

దినం కాకముందే ఆ డ్రైవరు అత్త దగ్గరికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. గిద్దలూరులో ఎవరో అమ్మిన పాత యాంప్లిఫయరును, సౌండు పెంచే పెట్టెను, సీటు కింద పెట్టించి, బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగించింది తనేనట. ఫ్యూజు లేదు.

"సౌండు బాగుందని సారు మెచ్చుకున్నాడు గానీ సీటు కింద చూడలేదు. మామకు ఆ పొద్దే తెలిసిపోయింది. నా ముగ్గురు పిల్లల్ని తలుచుకుని నోరు మూసుకున్నాడు. నిన్న సారుకు చెప్పేసినా, పని మానేసినా. ఇదంతా నువ్వు కరపత్రంలో రాయి తమ్ముడూ."

మామ దాచినదాన్ని బయటపెట్టడం తప్పేమో అని అత్తను అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "ఆయన దాచింది ఈ అబ్బయ్య కోసం. ఈ అబ్బయ్యే చెప్తాంటే ఆపేదానికి నువ్వెవురు నాయనా?" అంది.

గోడవార వెతికితే ఆ కారు పలక దొరికింది. పసుపు బ్యాటరీకి, జానెడు దూరంలో ఫ్యూజు. ఎరుపు తాళానికి. నలుపు ఎర్తుకు. తర్వాత స్పీకర్ల తీగలు. లావు తీగ ఊసే లేదు. నేను ఇన్ని కరపత్రాలు చదివాను. ఇంత కచ్చితంగా రాసినది ఒక్కటీ చూడలేదు.

మామ మీ బండిలో సెట్టు బిగించి ఉంటే బానెట్ ఎత్తండి. ఫ్యూజు ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. చూసుకున్నాక బండి వేసుకుని దుకాణం దగ్గరికి రండి. డ్రైవరు తన మాట తానే చెబుతాడు. కాంట్రాక్టరును కూడా పిలిచాను.

షట్టరు ఆయన ఎత్తిన కాడికే ఉంది. అత్త దించనివ్వలేదు. లోపల బల్ల మీద స్క్రూడ్రైవర్ ఉంది. ఆదివారం పొద్దున పది గంటలకు మిగతా సగం ఎత్తుదాం, రండి.