అన్న చెట్లు, తాండూరు పొగ

మా అన్న మేకలను అమ్మిన రోజు నేను మర్పల్లి దగ్గర మా పుట్టింట్లోనే ఉన్నాను. తాతల నాటి నుంచీ మేకలే మా బతుకు. కార్బన్ క్రెడిట్ల సంస్థవాళ్లు వచ్చి, ఇంటి వెనక పడావు భూమిలో టేకు, మలబారు వేప మొక్కలు ఉచితంగా నాటిస్తామన్నారు. చెట్లు పెరిగేకొద్దీ గాలిలోని కార్బన్‌ను పీల్చుకుంటాయని, దాన్ని టన్నుకొక క్రెడిట్‌గా లెక్కగట్టి పొగ వదిలే కంపెనీలకు అమ్ముతామని, అందులో రైతుకూ వాటా ఉంటుందని చెప్పారు. షరతు ఒక్కటే. మొక్కలున్న చోట మేకలు తిరగకూడదు. మందను తోలుకుపోవడానికి అన్నకు ఆ భూమి మీదుగా తప్ప వేరే దారి లేదు.

మోమిన్‌పేట్ మనిషి ఒకాయన మందను కొని తోలుకుపోయాడు. మర్నాడు పొద్దున ముసలి మేక ఒకటి తిరిగొచ్చి కొట్టం ముందు నిలబడింది. అన్న దానికి నీళ్లు పెట్టి, మెడ నిమిరి, తనే నడిపించుకుపోయి అప్పగించి వచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

చెట్లు బాగానే వచ్చాయి. చూస్తుండగానే మనిషిని మించి ఎదిగాయి. అన్న మాత్రం ఊళ్లోవాళ్ల మేకలను కూలికి మేపుకుంటూ ఉండిపోయాడు.

నా భర్త తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కిందటి ఎండాకాలం దగ్గు పట్టుకుని వదలకపోతే వికారాబాద్ ఆసుపత్రిలో చేర్పించాం. కొన్నాళ్లు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు చెబితే, అన్న వచ్చి తన ఇంటికి తీసుకెళ్లాడు. చెట్ల కింద మంచం వేశాడు.

అక్కడే ఒక సాయంత్రం ఇద్దరికీ మాట పెరిగింది. క్రెడిట్లు కొన్నవాడు తన పొగ నిజంగా తగ్గించాడా లేదా అని ఎవరు చూస్తున్నారని నా భర్త అడిగాడు. రేపు ఈ చెట్లు ఎండినా, కాలినా, అప్పటికే వదిలిన పొగ వెనక్కి రాదు కదా అన్నాడు. అన్న అడ్డు చెప్పకుండా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు బావా. గానీ ఆ సంస్థోళ్లు రాకపోతే గీ బీడుల చెట్లు పెట్టే తాకత్ నాకు యాడిది? గీ నీడ అబద్ధమంటవా?"

నా భర్త కొమ్మల్లోకి చూశాడు. "నీడ నిజమే. దాన్ని సూపెట్టి యాడనో ఎవడో పొగ ఇడుస్తుండు. గదే నా బాధ."

"మేకల్ని అమ్ముకున్నోన్ని నేను. నాకు బాధ లేదనుకున్నవా?"

ఒకరు ఆరోగ్యం పోగొట్టుకున్నవారు, ఒకరు మందను పోగొట్టుకున్నవారు. ఎవరి వైపు మాట్లాడాలో నాకు తెలియలేదు. లోపలికి వెళ్లి ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చాను.

వానలు మొదలయ్యాక నా భర్త మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. ఇప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడు. ఆ రోజుల్లోనే సంస్థవాళ్లు వచ్చి, అన్న తిండిగింజల కోసం ఉంచుకున్న వాగు పక్క చేనులో కూడా నాటుదామన్నారు. ఉన్న చెట్లను ప్రాణంలా చూసుకుంటానని, ఆ చేను మాత్రం ఇవ్వనని అన్న నెమ్మదిగా చెప్పి పంపించాడు. మర్నాడే అక్కడ కంది విత్తాడు.